వంగే పని వద్దు

ఆ డిపోలో బస్సుల కింద పని చేయడానికి నేలలో ఒక గుంత ఉంది. పొడవాటిది, ఇరుకైనది, ఒక చివర మెట్లు. బస్సు దాని మీదకి వచ్చి ఆగుతుంది. మనిషి దాని కిందకి దిగుతాడు. దిగినవాడికి పైన ఆకాశం ఉండదు. ఇనుము ఉంటుంది, గ్రీజు ఉంటుంది, కారే బురద ఉంటుంది.

ఎవరి ఎత్తు చూసి తవ్వారో తెలియదు. పొట్టివాడు అందులో సుఖంగా నిలబడి బస్సు కడుపు అందుకోవచ్చు. ఆ గుంతలో పనిచేసే మెకానిక్ నిట్రాడు పొట్టివాడు కాడు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. గుడిసె మధ్యలో పాతి, పైకప్పు బరువంతా మోయించే గుంజ పేరే ఆయనకి పెట్టారు. పొడుగు చూసి పెట్టారు. పోనుపోను పేరు నిజమైంది.

గుంతలో ఆయన నిలబడలేడు, తల ఇరుసుకి కొట్టుకుంటుంది. కూర్చోలేడు, చెయ్యి అందదు. అందుకని మోకాళ్ళు కాస్త మడిచి, నడుము వెనక్కి విరిచి, మెడ వెనక్కి వాల్చి, రెండు చేతులూ పైకెత్తి పని చేసేవాడు. చేరిన కొత్తలోనే ఆ భంగిమ కుదిరింది. వయసంతా అందులోనే గడిచింది.

కష్టపడటానికి మనకున్న మాట నడుం వంచడం. సోమరిని తిట్టాలంటే నడుం వంచడు అంటాం. నడుము వెనక్కి పోవడానికి ఉన్న మాట వేరు. విరుచుకోవడం. నిద్ర లేచినవాడు ఒళ్ళు విరుచుకుంటాడు. పొగరుబోతు రొమ్ము విరుచుకుంటాడు. పని ముగించినవాడు నడుం విరుచుకుంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా విరుచుకోవడమే పనైనవాడి గురించి ఎవరూ ఆలోచించలేదు. మాట లేని కష్టానికి సాక్షి దొరకడు.

మొదట అది నొప్పి కాదు, బిగుతు. పొద్దున్నే మంచం దిగి కాళ్ళు నేల మీద పెడితే నడుము తుప్పు పట్టిన తలుపు బందులా మొరాయించేది. స్నానం ముగిసేసరికి సర్దుకునేది. తర్వాత తర్వాత సర్దుకోవడానికి డిపో చేరేదాకా పట్టింది. ఆ పైన పిరుదులోకి దిగింది, తొడ వెనక్కి పాకింది. మోకాలు దాటలేదు. బస్టాపులో నిలబడితే పొడిచేది. కూర్చుని ముందుకి వాలితే ఊరుకునేది. రాత్రి ముడుచుకుని పడుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు.

డిపో డాక్టరుది కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ. డాక్టరు అందులోంచి లేవకుండానే కిటికీ దాకా జరిగి, ఎక్స్‌రే ఎత్తి పట్టుకుని చూశాడు.

"అరుగుదల. వయసొచ్చాక అందరికీ ఉండేదే. నాకూ ఉంది. బరువులెత్తకు, వంగకు."

"నేను వంగను సార్. నా పని..."

"మంచిది."

"నేను వెనక్కి..."

"మంచిదన్నాగా."

డాక్టరు నిట్రాడి ఎదుటే ఫోర్మన్‌కి ఫోన్ చేశాడు. "మీ వాడికి నడుం అరిగింది. వంగే పని వద్దు" అని పెట్టేశాడు. బయటికి వస్తూ నిట్రాడు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం తలుచుకుని తర్వాత చాలా రోజులు పళ్ళు కొరుక్కున్నాడు.

అదే నెలలో బల్ల మేస్త్రి ఉద్యోగం మానేశాడు. గేర్‌బాక్సులు విప్పి బాగు చేసే బల్ల అది, నడుము ఎత్తున ఉంటుంది. దాని ముందు నిలబడి, కాస్త ముందుకి వాలి, కళ్ళ కింద చేతులు పెట్టుకుని పని చేయవచ్చు. నిట్రాడికి ఆ పని వచ్చు. గుంతలోకి దిగనక్కర్లేకుండా చేయగల పని డిపో మొత్తం మీద అదొక్కటే. ఆ బల్ల దొరికితే ఉద్యోగం నిలుస్తుంది, నడుము మిగులుతుంది. దొరకకపోతే రెండూ పోతాయి. ఫోర్మన్ దగ్గరికి వెళ్ళి అడిగాడు.

ఫోర్మన్ ఆయన కంటే చిన్నవాడు. డిపోలో చేరినప్పుడు పానా పట్టుకోవడం నిట్రాడి దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తాడు.

"అయ్యో బాబాయ్, డాక్టరుగారే ఫోన్ చేసి చెప్పారుగా, నీకు వంగే పని వద్దని. బల్ల దగ్గర పొద్దస్తమానం వంగే ఉండాలి. నిన్ను అక్కడ పెట్టి నీ నడుం విరగ్గొట్టిన పాపం నాకెందుకు?"

"గుంతలోనే విరుగుతోంది నాయనా."

"గుంతలో ఏముంది, నిలబడటమేగా. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ తప్ప నడుం వంచే పనే లేదు. ఎండ తగలదు, వాన తగలదు. డిపోలో అంత హాయైన చోటు ఎక్కడుంది చెప్పు?"

పక్కన వైర్లు చుట్టుకుంటున్న కరెంటాయన తలెత్తాడు. "అంత హాయైతే మీ కుర్చీ అందులోనే వేయించుకోండి సార్. ఫ్యాను నేను బిగిస్తా."

అందరూ నవ్వారు. ఫోర్మన్ కూడా నవ్వాడు. నవ్వి, నిట్రాడి భుజం మీద చెయ్యి వేసి, "నీ మంచికే చెప్తున్నా బాబాయ్" అన్నాడు.

చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. కక్ష కట్టినవాడైతే కాచుకోవచ్చు. మంచి చేస్తున్నానని నమ్ముతూ మనిషిని గుంతలోకి దింపేవాడిని ఏం చేయాలో నిట్రాడికి తోచలేదు. దిగాడు. బస్సు మీదకి వచ్చింది. నడుము వెనక్కి విరిచాడు. లోపల, వెన్ను అడుగున, ఎవరో తలుపు సందులో వేలు పెట్టి తలుపు మూసినట్టయింది.

ఆయన భార్య ఇంట్లో పరదాలు కుడుతుంది. కిటికీ పక్కన మిషను, మిషను చుట్టూ గుట్టలుగా బట్ట. ఆమెకీ ఒకప్పుడు నడుము పట్టేసింది. కాలి వేళ్ళదాకా జివ్వున లాగేది. ఆసుపత్రిలో ఒక ఫిజియోథెరపీ ఆవిడ బోర్లా పడుకుని చేతుల మీద ఛాతీ పైకి లేపడం నేర్పింది. ఆమెకి తగ్గింది. అప్పట్నుంచి లోకంలో నడుము నొప్పికి మందు అదొక్కటేనని ఆమె నమ్మకం.

"బోర్లా పడుకో. చేతులు నేలకి ఆనించు. ఎత్తు. ఇంకా ఎత్తు. పాము పడగెత్తినట్టుండాలి."

"పాముకి నడుం ఎక్కడ ఏడ్చింది?"

"నోరెత్తకయ్యా, ఛాతీ ఎత్తు."

"పొడుస్తోందే."

"పొడిస్తేనే పని చేస్తోందని లెక్క. నాకు తగ్గలేదూ?"

పగలంతా గుంతలో వెనక్కి, సాయంత్రం చాప మీద వెనక్కి. ఆమె పక్కనే కూర్చుని, ఆయన జారిపోకుండా తుంటి మీద చెయ్యి వేసి ప్రేమగా నొక్కిపట్టేది. ఒక ఉదయం ఆయన పక్కకి దొర్లలేకపోయాడు. నడుము చుట్టూ కండ రాయిలా బిగుసుకుపోయింది. ఆమె లేపబోతే అరిచాడు. ఫోర్మన్‌ని అనాల్సిన మాటలన్నీ, డాక్టరుని అనాల్సినవన్నీ, ఆ పొద్దున ఆమె మీద పడ్డాయి.

"నన్ను మంచాన వెయ్యడానికే నేర్చుకొచ్చావా ఈ విద్య?"

ఆమె ఏడవలేదు. మిషను మీది పరదా మడిచింది. మిషనుకి గుడ్డ కప్పింది.

"లే. నేర్పినావిడ దగ్గరికే పోదాం. తిట్టేదేదో ఆవిణ్ణే తిట్టు. నా మీద అరిస్తే నీ నడుం సాగదు, నా పనీ సాగదు."

ఫిజియోథెరపీ ఆవిడ గది చిన్నది. ఒక బల్ల, ఒక చాప, కొక్కేనికి వేలాడుతున్న ప్లాస్టిక్ వెన్నెముక. అక్కడికి చేరేసరికి కండ బిగుతు కాస్త సడలింది. ఆవిడ నిట్రాడిని ముందుకి వంగమంది. చేతులు సులువుగా నేలదాకా పోయాయి. వెనక్కి వాలి ఒక పక్కకి తిరగమంది. ఆయన బల్ల అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

ఆవిడ ఆయన భార్య వైపు తిరిగింది. "మొగుడూ పెళ్ళాలైతే మాత్రం, ఇద్దరికీ ఒకటే నడుం అనుకున్నారా అమ్మా?"

"నాకు తగ్గిందిగా."

"మీకు పోయింది ముందు భాగం. ఈయనకి పోయింది వెనక."

ఆయన్ని కూర్చోబెట్టి, కొక్కెం మీంచి వెన్నెముక తీసి ఒళ్ళో పెట్టింది.

"ముందు చూడండి. ఎముకకీ ఎముకకీ మధ్య ఈ మెత్త ఉందే, అది డిస్కు. ఎప్పుడూ ముందుకి వంగి కూర్చుంటే ఒత్తిడి దీని మీద. మీ ఆవిడ సంగతి అది. ఇప్పుడు వెనక్కి తిప్పండి. ప్రతి జంట ఎముకలకీ వెనక చెరోపక్కా ఒక చిన్న కీలు. పై ఎముక కొమ్ము కింది ఎముక కొమ్ము మీద, పెంకు మీద పెంకులా కూర్చుంటుంది. వెన్ను ఎటు కదలాలి, ఎంత కదలాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ వీటి చేతిలోనే. ఏదీ, ఆ సందులో వేలు పెట్టండి."

పెట్టాడు. ఆవిడ వెన్నెముకని ముందుకి వంచింది. సందు తెరుచుకుంది. వెనక్కి విరిచింది. వేలి కొన నలిగింది.

"నొక్కిందా?"

"నొక్కింది."

"గుంతలో మీరు చేసేది ఇదే."

ఆయన వేలు తీసి చూసుకున్నాడు. గోరు పక్కన తెల్లగా గీత పడింది. మెల్లగా ఎర్రబడింది. భార్య కూడా చూసింది. తుంటి మీద తన చెయ్యి ఎక్కడ నొక్కేదో ఆమెకి గుర్తొచ్చింది కాబోలు, చెయ్యి కొంగులో చుట్టుకుంది.

ఆవిడ చెప్పుకుపోయింది. ఆ కీలులో ఎముక చివర్లకి నున్నటి పొర ఉంటుంది. చుట్టూ పల్చటి తిత్తి. లోపల జారడానికి కాస్త ద్రవం. వెనక్కి విరిచినప్పుడల్లా రెండు కొమ్ములూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ముందున్న మెత్త కూడా పల్చబడుతుంది. ఎముకలు దగ్గరవుతాయి. బరువు వెనక్కి మళ్ళి, మోయడానికి పుట్టని ఈ చిన్న కీళ్ళ మీద పడుతుంది. పొర గరుకెక్కి పెచ్చులూడుతుంది. తిత్తి వాస్తుంది. శరీరం ఊరుకోదు. ఆసరా కోసం అంచుల్లో ఎముక పెంచుకుంటుంది. ఆ పెరిగిన ఎముకే ఒక్కోసారి నరం దారికి అడ్డమవుతుంది. చుట్టూ ఉన్న కండ, లోపల దెబ్బ తగలకుండా కాద్దామని బిగుసుకుంటుంది. పొద్దున్నే ఆయన్ని లేవనివ్వనిది ఆ కాపలాయే.

"గ్రీజు కొట్టడానికి లేదా?" అన్నాడు నిట్రాడు.

"సూది వేసేవాళ్ళున్నారు. కొంతమందికి కొన్నాళ్ళు వాపు తగ్గుతుంది. పోయిన పొర మాత్రం తిరిగి రాదు."

"కీలు మార్చెయ్యడం?"

"మీరు బస్సు కారు."

"వయసన్నాడు డాక్టరు."

"వయసు కూడా. అది అబద్ధం కాదు. ఎక్స్‌రేలో ఇంతే అరుగుదల ఉండి, ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్ళు బోలెడంతమంది. మీరు మాత్రం పుండు మానేలోపే మళ్ళీ నొక్కుతున్నారు. రోజూ."

ఆవిడ ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు మోకాళ్ళూ గుండెకి దగ్గరగా తెచ్చి పట్టుకోమంది. లోపల ఎవరో పిడికిలి విప్పారు. ఇన్నేళ్ళలో మొదటిసారి నడుము నేలకి ఆనింది. సుఖం వెనకే కోపం వచ్చింది. ఇంత చిన్న పనా? మోకాళ్ళు మడవడమా? దీన్ని ఎవరూ చెప్పలేదా? చెప్పకపోగా, నిలబెట్టి, విరిచి, మంచిదన్నారా?

"నడవండి. పొట్ట కండ గట్టి పడాలి. ముందుకి వాలి చేసే పని మీకు హాయి. గుంత దిగకండి" అంది ఆవిడ.

"ఆ మాట మా ఫోర్మన్‌కి చెప్తారా?"

"నేను చెప్తే మీ డిపోలో చెల్లదు. మీ డాక్టరు మాటే వాళ్ళకి వేదం."

ఇంటిదారిలో భార్య నడక తగ్గించింది. వీధి మలుపులో ఆగి, "నేను నొక్కిపట్టాను కదయ్యా" అంది.

"నీ సంగతి వదిలెయ్. నువ్వు నా నొప్పి నమ్మావు."

మర్నాడు డిపోలో అందరూ ఉన్నప్పుడే నిట్రాడు ఫోర్మన్‌ని పిలిచాడు. గుంత మీద అప్పటికే బస్సు నిలబడి ఉంది.

"బల్ల పనికి వంగాలన్నావుగా. వంగితే నా నడుం విరుగుతుందన్నావుగా. చూడు."

కాళ్ళు దగ్గర పెట్టి వంగాడు. అరచేతులు సిమెంటు నేలకి ఆనాయి. అలాగే ఉన్నాడు. నొప్పి లేదు. తలకిందులైన డిపో కనిపించింది, అందులో ఫోర్మన్ బూట్లు కనిపించాయి. లేచాడు. తన వాదన తన ఒంటితోనే రుజువు చేశాననుకున్నాడు.

ఫోర్మన్ కాసేపు నోరు తెరిచి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"బాబాయ్! ఇన్నాళ్ళూ ఎంత ఆడించావు నన్ను! నడుం నొప్పివాడు అలా వంగుతాడా ఎక్కడైనా? నేను వంగితే చెయ్యి మోకాలు దాటదు. చూశారా అందరూ? ఉత్త నాటకం. దిగు బాబాయ్, దిగు. నొప్పి లేనివాడికి బల్లెందుకు?"

ఎవరో నవ్వారు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

నొప్పి ఉంటే వంగకూడదు, కాబట్టి గుంత. వంగితే నొప్పి లేనట్టు, కాబట్టి గుంత. నిట్రాడు నిలబడి ఆ మాటని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా మెట్లు కిందకే పోతున్నాయి. నేల మీద ఆనించిన అరచేతులకి నల్లటి నూనె అంటింది. ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"దిగను" అన్నాడు.

"ఏంటి?"

"దిగను అబ్బాయ్."

ఫోర్మన్‌ని ఆయన అబ్బాయ్ అని పిలిచి చాలా ఏళ్ళయింది. డిపోలో నవ్వు ఆగింది. నిట్రాడు నడిచి వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాడు. మేస్త్రి వెళ్ళిపోయినప్పట్నుంచి ఒక గేర్‌బాక్సు సగం విప్పి అక్కడే పడుంది. దాని మీద దుమ్ము ఊది, ముందుకి వాలి, పని మొదలుపెట్టాడు.

"పైవాళ్ళకి చెప్పాల్సొస్తుంది బాబాయ్."

"చెప్పు."

"హాజరు వెయ్యను."

"వెయ్యకు."

"నీ మంచికే..."

"ఆ మాట ఇంకోసారన్నావంటే ఈ పానా ఎక్కడ పడుతుందో నాకే తెలీదు."

బస్సు గుంత మీద అలాగే ఉంది. ఇంజను నుంచి వెనక చక్రాలకి తిరుగుడు అందించే కడ్డీ ఒకటి వదులైంది, బిగిస్తే గాని కదలదు. డ్రైవరు వచ్చి, ప్రయాణికులు కాచుకున్నారని గొణిగాడు. ఫోర్మన్ ఒకణ్ణి దిగమన్నాడు. వాడు భుజం బెణికిందన్నాడు. ఇంకొకణ్ణి అడిగాడు. వాడికి చేతిలో వేరే పని ఉందట. కరెంటాయన వైపు చూస్తే, "అందులో కరెంటు పనేం లేదు సార్" అన్నాడు. ఎవరూ సమ్మె అనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కూడా. దిగలేదు, అంతే.

చివరికి ఫోర్మన్ చొక్కా చేతులు మడిచి తనే దిగాడు. పై పదవికి వెళ్ళాక ఆయన గుంత దిగడం అదే మొదలు. ఆయనా పొట్టివాడు కాదు. కిందనుంచి తిట్లు వినిపించాయి. పానా జారి పడ్డ చప్పుడు వినిపించింది. దీపం ఇంకాస్త ఇటు జరపమని అరుపు వినిపించింది. నిట్రాడు బల్ల దగ్గర బేరింగు తుడుస్తూ అన్నీ విన్నాడు. సంతోషించలేదు. ఆ చప్పుళ్ళన్నీ ఆయన వయసంతా చేసినవే, ఎవరూ విననివి.

పని ముగిసి ఫోర్మన్ మెట్లెక్కి పైకి వచ్చాడు. మొహం నిండా మడ్డి. నాలుగడుగులు వేసి, ఆగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి ముందుకి వంగిపోయాడు. అలాగే ఉండి ఊపిరి తీసుకున్నాడు.

నిట్రాడు పానా కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"ఎందుకు వంగావు?"

"ఏంటి బాబాయ్?"

"పైకి రాగానే వంగావే, ఎందుకని? పని అయిపోయినవాడు విరుచుకోవాలిగా."

ఫోర్మన్ తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"ఏమో. ప్రాణానికి ఇలా హాయిగా ఉంది."

"డాక్టరు చెప్పాడా?"

ఫోర్మన్ ఒక చేత్తో మొహం మీది మడ్డి తుడుచుకున్నాడు.

"నీ నడుముకి ఒక్క బస్సుతో తెలిసిపోయింది అబ్బాయ్. నీకే ఇంకా తెలీలేదు."

నిట్రాడి గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే కోపం ఖర్చయిపోయేది. ఫోర్మన్ మెల్లగా లేచాడు. లేస్తూ నడుము మీద చెయ్యి వేసుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారని తీసేశాడు.

"రేపు మాట్లాడదాం."

"మాట్లాడు. నేను బల్ల దగ్గరుంటా."

బస్సు గుంత మీంచి కదిలి వెళ్ళిపోయింది. నిట్రాడు వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకి వాలాడు. నొప్పి పోలేదు. పోయిన పొర రాదని ఆయనకి తెలుసు. కొంచెం కదిలితే వెన్ను అడుగున ఆ గరుకు తగులుతూనే ఉంది. రేపు పైవాళ్ళు రావచ్చు, ఎల్లుండి బల్ల ఇంకొకరికి ఇవ్వచ్చు. గుంత మాత్రం దిగడు. అది తేలిపోయింది.

కాసేపటికి ఫోర్మన్ వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. బాబాయ్ అనలేదు.

"ఆ కింది బేరింగు కూడా ఒకసారి చూడండి" అన్నాడు.

ఆజ్ఞో, ఒప్పుకోలో, రేపటిదాకా పని గడుపుకోవడమో గొంతును బట్టి తెలియలేదు. నిట్రాడు తల ఎత్తలేదు. ఎత్తి చూడాలంటే మెడ వెనక్కి వాల్చాలి. ఇకమీదట ఆయనతో మాట్లాడదలచుకున్నవాళ్ళు బల్లకి అవతల పక్కకి వచ్చి, కాస్త వంగాలి.